డిగ్రీలా, యూటీఎమ్మా? విశాఖ సర్వే పనికి ఏది మేలు?

జీపీఎస్ పాయింట్లను డెసిమల్ డిగ్రీల్లోనే (దశాంశాల్లో రాసే అక్షాంశ రేఖాంశాలు) ఉంచాలా, యూటీఎమ్‌లోకి (భూమిని జోన్లుగా విడదీసి చోటును మీటర్లలో చెప్పే గ్రిడ్ పద్ధతి) మార్చుకోవాలా అని సర్వే పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు పదే పదే అడుగుతున్నారు. విశాఖ, భీమిలి, అనకాపల్లి చుట్టుపక్కల భూమి కొలిచే పనైతే నా ఓటు యూటీఎమ్‌కే.

డిగ్రీల సుఖం అందరికీ తెలిసిందే. వాట్సాప్‌లో పంపినా, గూగుల్ మ్యాప్స్‌లో వేసినా చోటు వెంటనే దొరుకుతుంది. చిక్కంతా విస్తీర్ణం దగ్గరే. మన అక్షాంశం మీద ఉత్తర దక్షిణాలుగా ఒక డిగ్రీ సుమారు 110.7 కిలోమీటర్లు, తూర్పు పడమరలుగా 106.1 కిలోమీటర్లే. ఎక్సెల్‌లో లెక్క కట్టేవాళ్లు చాలామంది రెండింటికీ 110.7 పెట్టేస్తారు. అప్పుడు ఎకరం స్థలం 104 సెంట్లు దాటి చూపిస్తుంది. మధురవాడలో నాలుగు సెంట్లంటే ఒక ఇల్లు కట్టుకునేంత జాగా! అంత తేడా కాగితం మీదకు ఎక్కితే అన్నదమ్ముల మధ్య కూడా గొడవే. క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో ఎలిప్సాయిడ్ (భూమి ఆకారానికి వాడే లెక్క నమూనా) సెట్టింగ్ పెట్టుకుంటే డిగ్రీల నుంచి కూడా సరైన విస్తీర్ణం వస్తుంది, నిజమే. ఆ సెట్టింగ్ చూసుకునేవాళ్లు తక్కువ.

యూటీఎమ్ 44వ జోన్‌లో అంతా మీటర్లే. దానిలోనూ కాస్త తేడా ఉంది. జోన్ నడిమి రేఖ 81 డిగ్రీల దగ్గర స్కేలు (నేల మీది దూరానికి గ్రిడ్ దూరం ఎన్ని రెట్లో చెప్పే అంకె) 0.9996. ఆ రేఖకు దూరమయ్యేకొద్దీ అది పెరుగుతుంది. విశాఖ అక్కడి నుంచి దాదాపు 240 కిలోమీటర్లు తూర్పున ఉంది కాబట్టి గ్రిడ్ దూరం కిలోమీటరుకు 30 సెంటీమీటర్ల దాకా ఎక్కువ వస్తుంది. ఎకరం మీద అది సెంటులో పదో వంతు కూడా కాదు. టోటల్ స్టేషన్ (కోణాలు, దూరాలు కొలిచే సర్వే పరికరం)తో కొలిచిన పొడవాటి లైన్లను గ్రిడ్‌తో కలిపేటప్పుడు మాత్రం స్కేలు ఫ్యాక్టర్ తప్పక వేయండి. ఇంకో మాట, ఫోన్ జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ అవుతుంది. చిన్న ప్లాట్లకు డీజీపీఎస్ (తప్పును సరిచేసుకుని మరింత కచ్చితంగా చూపే జీపీఎస్) వాడాల్సిందే.

శ్రీకాకుళం దాటి వెళ్లే పనులకు నా మాట మారుతుంది. టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం 84 డిగ్రీలకు అవతల, 45వ జోన్‌లో ఉన్నాయి. ఆ గీత దాటగానే ఈస్టింగ్ (తూర్పు వైపు మీటర్ల లెక్క) సుమారు 8,17,000 నుంచి 1,83,000కు పడిపోతుంది. రోడ్డు, కాలువ లాంటి పొడవాటి పనుల్లో పాయింట్లన్నీ డిగ్రీల్లోనే దాచి, లెక్కకు మాత్రం ఆయా జోన్‌లోకి మార్చుకోవడం మేలు.

ప్లస్ కోడ్, డిజిపిన్ లాంటి చోటు కోడ్‌లు అడ్రస్ చెప్పుకోవడానికి బాగుంటాయి, కొలతకు కావు.

ఇక విశాఖ ప్రాంతపు 65 ఓ వరుస పాత టోపోషీట్లు (సర్వే ఆఫ్ ఇండియా మ్యాపులు). అవి ఎవరెస్ట్ ఎలిప్సాయిడ్ అనే పాత నమూనా మీద గీసినవి. వాటి అక్షాంశ రేఖాంశాలను డబ్ల్యూజీఎస్ 84 (జీపీఎస్ వాడే నమూనా) అనుకుని వేస్తే పాయింటు వంద మీటర్లకు పైగా జరిగిపోతుంది. ముందు డేటమ్ (అక్షాంశ రేఖాంశాలకు ఆధారమైన నమూనా) మార్చి, ఆ తర్వాతే యూటీఎమ్‌లోకి తేవాలి. 2005 మ్యాప్ పాలసీ తర్వాత వచ్చిన ఓపెన్ సిరీస్ షీట్లు డబ్ల్యూజీఎస్ 84, యూటీఎమ్‌లోనే ఉంటాయి కాబట్టి వాటితో ఈ తలనొప్పి లేదు.