డీఆర్‌ఓ ముందా, డయల్ గేజ్ ముందా?

బెంగళూరులో ఇంటి గ్యారేజీలో చిన్న మిల్లింగ్ మెషిన్ పెట్టుకున్న మన తెలుగువారికి, లోహం కోసేటప్పుడు కొలత తప్పుతోందని తెలియగానే రెండు దారులు కనిపిస్తాయి. ముక్కను బిగించే టేబుల్‌కు స్కేళ్లు బిగించి, దాని కదలికను తెరమీద అంకెల్లో చూపే డీఆర్‌ఓ (డిజిటల్ రీడౌట్) పెట్టించుకోవడం ఒకటి. ఆనించిన చోట సూక్ష్మ కదలికను కొలిచే మంచి డయల్ గేజ్, మాగ్నెటిక్ స్టాండ్ కొని మెషిన్‌నే సరిచేసుకోవడం రెండోది.

డీఆర్‌ఓ సుఖం కాదనలేనిది. స్కేలు టేబుల్ కదలికనే నేరుగా కొలుస్తుంది కనుక, టేబుల్‌ను కదిపే స్క్రూలో ఎంత బ్యాక్‌లాష్ (దిశ మార్చినప్పుడు బయటపడే వదులు) ఉన్నా అంకె చెడదు. హ్యాండిల్ చుట్లు లెక్కపెట్టుకునే బాధ తప్పుతుంది. అయితే అంకె చెడకపోయినా బ్యాక్‌లాష్ అక్కడే ఉంటుంది, క్లైంబ్ మిల్లింగ్‌లో (కటర్ పళ్లు తిరిగే దిశలోనే ముక్కను నడిపే కోతలో) కటర్ టేబుల్‌ను తన వైపు లాగేసుకుంటూనే ఉంటుంది. పైగా తెరమీద 0.005 మి.మీ. కనిపించినంత మాత్రాన జాబ్ (కోస్తున్న ముక్క) అంత ఖచ్చితంగా వస్తుందనుకోవడం భ్రమ: జిబ్ (టేబుల్ జారే గాడిలో వదులును సరిచేసే పట్టీ) వదులుగా ఉంటే కోత బలానికి టేబుల్ కొద్దిగా మెలి తిరుగుతుంది, అప్పుడు స్కేలు దగ్గర కనిపించే కొలత ఒకటి, కటర్ కింద జరిగేది మరొకటి.

డయల్ గేజ్ పట్టుకునేది సరిగ్గా ఈ లోపాలనే. టేబుల్ అంచున గేజ్ మొన ఆనించి, టేబుల్ చివరను చేత్తో అటూ ఇటూ నెట్టి చూస్తే జిబ్ ఎంత వదులో తెలిసిపోతుంది. హ్యాండిల్ కాస్త బరువుగా తిరిగేదాకా బిగించి, కోసేటప్పుడు కదలనక్కరలేని దిశను లాక్ చేస్తే చాలు. తర్వాత గేజ్‌ను స్పిండిల్‌కు (కటర్‌ను తిప్పే ఇరుసుకు) తగిలించి టేబుల్‌పై 150 మి.మీ. వ్యాసంతో తిప్పినప్పుడు తేడా 0.02 మి.మీ. లోపు ఉంటే హెడ్డు (స్పిండిల్ ఉండే పై భాగం) నిటారుగా ఉన్నట్టే. హెడ్డు ముందుకో వెనక్కో వాలి ఉంటే, పొడవునా పక్కపక్కనే తీసిన రెండు కోతల మధ్య గోరుకు తగిలే మెట్టు వస్తుంది. దాన్ని ఏ డీఆర్‌ఓ చూపదు. వైస్ (ముక్కను పట్టి ఉంచే బిగింపు) స్థిర దవడను కూడా ఇదే గేజ్‌తో సరిచూడాలి.

హెడ్డును మోసే కాలమ్ గుండ్రంగా ఉన్న మెషిన్ అయితే హెడ్డు ఎత్తు మార్చగానే పక్కకు తిరిగే ప్రమాదముంది కనుక, ముక్క అంచును మళ్లీ వెతుక్కోక తప్పదు. వేడి సంగతి ఈ రెండింటికీ అందదు: 200 మి.మీ. అల్యూమినియం ముక్క 10 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.046 మి.మీ. పెరుగుతుంది, కనుక చివరి కోతకు ముందు చల్లారనివ్వాలి.

నా ఓటు ముందుగా డయల్ గేజ్‌కే. జిబ్‌లు, హెడ్డు ఇప్పటికే సరిగ్గా ఉండి, ప్లేట్లలో వరుస రంధ్రాలే ముఖ్యమైన పనిగా ఉన్నవారు మాత్రం డీఆర్‌ఓకు నిరభ్యంతరంగా డబ్బు పెట్టవచ్చు. అది కూడా ముందు ఎక్స్, వై (టేబుల్ పక్కలకు, ముందువెనకలకు కదిలే) దిశలకే.