టామ్రాన్ 18-200: తిరిగేవాళ్లకు చాలిన లెన్సు

విజయవాడ నుంచి బస్సుల్లో తిరుగుతూ ఫొటోలు తీసే నాకు, మెడకు వేలాడే బరువే మొదటి లెక్క. ఈ 18-200 మి.మీ. జూమ్ లెన్సు 400 గ్రాములే. అదే కంపెనీ 18-400 అయితే 700 గ్రాములు దాటుతుంది.

ప్రకాశం బ్యారేజీ మీద దీని విలువ తెలుస్తుంది. జూమ్‌ని వెడల్పుగా కనిపించే 18 దగ్గర పెడితే గేట్ల వరస, కృష్ణమ్మ, ఇంద్రకీలాద్రి ఒకే ఫ్రేములో ఇమిడిపోతాయి. నిలబడ్డచోటే 200కి తిప్పితే నీటి మీద వాలే కొంగ దొరుకుతుంది. లెన్సు మార్చక్కర్లేదు, ఆ గాలికి సెన్సరు మీద దుమ్ము పడుతుందన్న బెంగ లేదు. నాకు దీనిమీద ఇష్టం కలిగింది అక్కడే.

ఉండవల్లి గుహల్లో మాత్రం కష్టం. శయనించిన అనంతపద్మనాభుడి దగ్గర వెలుతురు తక్కువ. 200 దగ్గర అపర్చరు, అంటే వెలుతురు లోపలికొచ్చే రంధ్రం, ఎఫ్/6.3కి మించి తెరుచుకోదు (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది). 18 దగ్గరే ఉండి ఎఫ్/3.5తో తీయాలి, ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సరు స్పందించే స్థాయి) పెంచాలి. చేతి వణుకును లెన్సులోని వీసీ అనే ఏర్పాటు బాగానే అదుపు చేస్తుంది. పరుగెత్తే మా అక్క పిల్లల్ని తీయాలంటే మాత్రం షట్టర్ స్పీడు పెంచాల్సిందే. 200లో ఫొటో అంచుల్లో స్పష్టత తగ్గుతుంది, ఎఫ్/8 పెడితే నయం.

ఏపీఎస్-సీ (ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సరు) ఉన్న డీఎస్ఎల్ఆర్ కెమెరాలకే ఇది. సెకండ్‌హ్యాండ్‌లో కొంటే టార్చి వేసి గాజులో ఫంగస్ ఉందేమో చూడండి, మన కోస్తా తేమకు అది తొందరగా పట్టేస్తుంది.