ఇళ్లు మారుతూ వాడిన క్రేట్లు, అట్టపెట్టెలు: కొన్నేళ్ల వాడకం తర్వాత

బదిలీలున్న ఉద్యోగం కావడంతో మా కుటుంబం తరచూ ఇల్లు మారుతూ ఉంటుంది. ఇంట్లో అత్తయ్య, మామయ్య, ఇద్దరు పిల్లలు, మేమిద్దరం. ప్రతిసారీ అట్టపెట్టెలు కొనడం, పారేయడం ఎందుకని మూతలున్న ప్లాస్టిక్ క్రేట్లు ఒక సెట్టు కొనుక్కున్నాం. ఇప్పటికీ అవే వాడుతున్నాం. అయినా కొన్ని సామాన్లకు అట్టపెట్టెలు తప్పడం లేదు.

వీటిని అమ్మేవాళ్లు బరువు ఎంత మోస్తాయో, లారీలో ఎంత భద్రమో చెబుతారు. అది కావలసిందే. కానీ నేను ముఖ్యంగా చూసేది కొత్త ఇంట్లో మొదటి రాత్రి. అందరూ అలసిపోయి ఉంటారు, చిన్నదానికి నిద్ర ముంచుకొస్తుంటుంది, మామయ్య మందుల వేళ దాటిపోతుంటుంది. అప్పుడు కావలసిన వస్తువు వెతుకులాట లేకుండా చేతికి రావాలి. ఆ లెక్కన చూస్తే క్రేట్లకే నా ఓటు. కత్తెర అక్కర్లేదు, టేపు పీకే పని లేదు. మూత ఎత్తి చూసి, కాదనుకుంటే మళ్లీ మూసేయొచ్చు. అట్టపెట్టె అలా కాదు, ఒకసారి టేపు కోశాక దానిమీద ఇంకోటి పెట్టాలంటే భయమే.

క్రేట్లలో మా దగ్గర రెండు రకాలున్నాయి. గోడలు లోపలికి మడిచేసి పలకలా చేసే రకం ఒకటి. మూత రెండు రెక్కలుగా ఉండి, ఆ రెక్కల పళ్లు ఒకదానిలో ఒకటి దూరి మూసుకునే రకం రెండోది. దుకాణంలో చూస్తే మొదటిదే నచ్చుతుంది, ఎందుకంటే మంచం కింద పట్టేస్తుంది. వాడకంలో మాత్రం రెండోదే నిలబడింది. మడిచే క్రేటుకు గోడ, అడుగు కలిసే చోట సన్నటి ప్లాస్టిక్ కీళ్లుంటాయి. మూలనున్న కీలు ముందు తెల్లబడుతుంది, తర్వాత వెంట్రుకవాసి పగులు కనిపిస్తుంది. ఆపైన బరువు పెట్టి ఎత్తగానే గోడ బయటికి వాలిపోతుంది. తెల్లబడ్డ కీలున్న క్రేటుకు దుప్పట్లు, దిండ్ల పని అప్పగించడమే మంచిది. రెక్కల మూతవాటికి ఈ బాధ లేదు. ఖాళీ చేశాక మూతలు బయటికి తెరిచి ఒకదాంట్లో ఒకటి దింపేస్తే గదిలో ఒక మూలకు సరిపోతాయి.

వీటికీ లోపాలున్నాయి. చేతిపిడి చాలా క్రేట్లకు ఉత్త కంతే, అంచు కోసుకుపోతుంది. పిడి గుండ్రంగా, వేళ్లన్నీ పట్టేంత వెడల్పుగా ఉందో లేదో కొనేముందు ఖాళీది కాకుండా బరువు పెట్టిన క్రేటు ఎత్తి చూడండి. ఇంకోటి ఎండ. ఈ క్రేట్లకు వాడే మామూలు పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ ఎండలో ఉంటే పెళుసెక్కుతుంది. డాబా మీద మొక్కల కుండీలకు వాడిన మా క్రేటు బయటికి బాగానే కనిపించేది గానీ, గట్టిగా నొక్కితే పెంకులా విరిగింది.

అట్టపెట్టెల విషయానికొస్తే, పుస్తకాలకు, గిన్నెలకు ఐదు పొరల చిన్న పెట్టె, బట్టలకు మూడు పొరలది. పుస్తకాలను పెద్ద పెట్టెలో వేస్తే దాన్ని ఎత్తే మనిషి నడుము సంగతి ఇక చెప్పక్కర్లేదు. అట్టపెట్టె బలమంతా నాలుగు మూలల్లో నిటారుగా ఉండే అంచులదే. అందుకే పెట్టె మీద పెట్టె పెట్టేటప్పుడు మూల మీద మూల పడాలి. పైపెట్టె పక్కకి జరిగిందా, కింది పెట్టె నడిమిభాగం కుంగిపోతుంది. లోపల ఖాళీ ఉన్నా అంతే, తువ్వాళ్లో పాత బట్టలో కూరాలి. తేమ తగిలితే అట్ట సత్తువ బాగా తగ్గిపోతుంది. వానాకాలంలో వరండాలో ఒక రాత్రి ఉన్న పెట్టెను అడుగున చెయ్యి పెట్టకుండా ఎత్తొద్దు. ఒకసారి తడిసి ఆరినదాన్ని మేం బరువుకు వాడం.

పళ్లేలు పరిచి పేర్చకుండా నిలబెట్టి సర్దాలి. కుదుపుకు అంచు తట్టుకున్నంతగా పళ్లెం మధ్యభాగం తట్టుకోదు. ఈ పద్ధతిలో సర్దినప్పటి నుంచి మా పింగాణీ సామాను క్షేమంగా చేరుతోంది.

బబుల్ ర్యాప్ మంచిదే గానీ కలకాలం ఉండదు. దాచి మళ్లీ వాడుతూ పోతే బుడగల్లో గాలి పోయి మెత్తగా అవుతుంది. 1957లో ఆల్ఫ్రెడ్ ఫీల్డింగ్, మార్క్ షవాన్ అనే ఇద్దరు ఇంజనీర్లు దీన్ని గోడలకు అంటించే కాగితంగా తయారు చేయబోయారట. మా ఇంట్లో దీనికి మొదటి హక్కుదారులు పిల్లలు, అందుకే వాళ్ల వాటా ముందే కోసి ఇచ్చేస్తాం. టీవీ తెరకు మాత్రం ముందు పలుచటి ఫోమ్ షీటు కప్పి, ఆపైన బబుల్ ర్యాప్ చుట్టాలి. టీవీని ఎప్పుడూ నిలబెట్టే తీసుకెళ్లాలి. స్ట్రెచ్ ఫిల్మ్, అంటే సాగదీసి చుట్టే పలుచటి ప్లాస్టిక్ పొర, సొరుగులు తెరుచుకోకుండా కట్టడానికి భేషుగ్గా ఉంది. పాలిష్ చెక్క మీద నేరుగా చుట్టి రోజుల తరబడి వదిలేస్తే లోపల చెమ్మ పట్టి మచ్చలు వస్తాయి, మధ్యలో దుప్పటి వేయాలి.

పెద్ద యంత్రాల గురించి రెండు ముక్కలు. ముందునుంచి తలుపుండే వాషింగ్ మెషీన్‌కు డ్రమ్ము ఊగకుండా వెనక బిగించే బోల్టులు వస్తాయి. కొన్నప్పుడు తీసినవాటిని జాగ్రత్త చేసి, ఇల్లు మారేటప్పుడు మళ్లీ బిగించాలి, దించాక తప్పకుండా తీసేయాలి. ఒక ఇంటికి మారినప్పుడు పనివాళ్లు అవి అక్కర్లేదని వాదించారు. మా ఆయన ఒప్పుకోలేదు, దగ్గరుండి బిగించారు. ఫ్రిజ్ నిటారుగా రావాలి. పడుకోబెట్టి తెస్తే కంప్రెసర్‌లో నూనె గొట్టాల్లోకి పాకుతుంది కాబట్టి, కొన్ని గంటలు నిలబెట్టి ఉంచాకే స్విచ్ వేయాలి.

అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది మాత్రం రంగు టేపు. ఒక్కో గదికి ఒక్కో రంగు. పెట్టె పైన అంటిస్తే దానిమీద ఇంకోటి రాగానే కనబడదు, అందుకే రెండు పక్కల అంటిస్తాం. కొత్త ఇంట్లో ఆ గది గుమ్మానికీ అదే రంగు ముక్క. సామాను దించేవాళ్లు మమ్మల్ని అడగకుండానే ఏది ఎక్కడ పెట్టాలో పెట్టేస్తారు. అత్తయ్యకు చిన్న అక్షరాలు కనిపించవు గానీ, "పసుపుదంతా నా గదికే కదమ్మా" అంటూ తన సామాను తనే పెట్టించుకుంటారు.

పిల్లలకు చెరొక క్రేటు ఇచ్చాం. అందులో ఏం పెట్టాలన్నది వాళ్లిష్టం, మేం తీసి చూడం, సరిచేయం. లారీలో చివర ఎక్కించి ముందు దింపేది వాటినే. పాత స్నేహితుల్ని వదిలి వస్తున్న పిల్లలకు తమదంటూ ఒకటి కళ్లముందు ఉండటం ఎంత ధైర్యమో పెద్దాడిని చూశాక తెలిసింది. మొన్నటిసారి మంచాలు బిగించకముందే వాడు తన బొమ్మలన్నీ కిటికీ గట్టు మీద వరసగా పేర్చుకున్నాడు.

మందులు, కాగితాలు, ఛార్జర్లు, పక్కబట్టలు, బల్బు, స్క్రూడ్రైవర్ ఒకే క్రేటులో మాతోపాటే వస్తాయి, లారీ ఎక్కవు. పవర్ బ్యాంకులూ అందులోనే. లిథియం బ్యాటరీలు నలిగినా, వేడెక్కినా నిప్పంటుకునే ప్రమాదం ఉంది.

మళ్లీ కొనాల్సి వస్తే రెక్కల మూత క్రేట్లే కొంటాను, అవీ మధ్యరకం సైజులో. పెద్దవి ఖాళీగా చూస్తే బాగుంటాయి గానీ, నింపాక ఇంట్లో ఏ ఒక్కరూ ఎత్తలేరు.