రైస్ మిల్లులో 15 కిలోవాట్ల వీఎఫ్‌డీ: మోటారుకు మేలు, కాటాకు తంటా

మా మిల్లులో బ్లోయర్ మోటారుకు ఈ వీఎఫ్‌డీ, అంటే మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్, పెట్టి కొన్నేళ్లయింది. డ్రైవ్‌గా దీని మీద నాకు ఫిర్యాదేమీ లేదు. మోటారు స్టార్ట్ అయినప్పుడు లైట్లు డిమ్మవడం పోయింది. గాలి తగ్గించాలంటే డ్యాంపర్ మూయక్కర్లేదు, స్పీడ్ తగ్గిస్తే చాలు. ఫ్యాన్ లోడు కదా, వేగం ఐదో వంతు తగ్గితే కరెంటు ఖర్చు దాదాపు సగమవుతుంది.

తలనొప్పంతా ఎలక్ట్రికల్ నాయిస్‌తోనే, అంటే డ్రైవ్ నుంచి పక్క వైర్లలోకి పాకే అనవసర సిగ్నళ్లతోనే. డ్రైవ్ ఆన్ చేయగానే బస్తాల కాటా మీద అంకెలు గెంతేవి. కాటాలో బరువును కొలిచే లోడ్ సెల్ ఇచ్చే సిగ్నల్ కొన్ని మిల్లీవోల్టులే. డ్రైవ్‌లోని ఐజీబీటీలనే ఎలక్ట్రానిక్ స్విచ్‌లేమో ఆరొందల వోల్టులకు దగ్గరగా ఉండే డీసీని సెకనుకు వేలసార్లు ఆన్ ఆఫ్ చేస్తుంటాయి. ఆ దెబ్బకి మోటారు కేబుల్ నుంచి ఎర్త్‌లోకి లీకయ్యే హై ఫ్రీక్వెన్సీ కరెంటు, దారి దొరికిన చోటల్లా వెనక్కి వస్తుంది. మా దగ్గర దానికి కాటా వైరింగ్ దొరికింది.

“లోపలే సీ3 ఫిల్టర్ ఉంది సార్” అన్నాడు సర్వీసుకి వచ్చినతను. ఉంది, కాదనను. నాయిస్‌ను అణచే భాగమే అది. కానీ డ్రైవ్‌ల నాయిస్‌కు హద్దులు పెట్టే ఐఈసీ 61800-3 ప్రమాణం ప్రకారం సీ3 తరగతి ఫ్యాక్టరీ వాతావరణానికి ఉద్దేశించినది. అదైనా మాన్యువల్‌లో చెప్పిన షీల్డెడ్ కేబుల్ (వైర్ల చుట్టూ లోహపు తొడుగు, అంటే షీల్డు, ఉన్నది) వేసి, పొడవు హద్దు పాటిస్తేనే. మాకు వేసింది పీవీసీ పైపులో మామూలు వైర్లు, వాటి పక్కనే కాటా వైరు. కొటేషన్‌లో కేబుల్ ఊసే లేదు. అమ్మినవాళ్ల మీద ఆ కోపం నాకింకా తగ్గలేదు.

క్యారియర్ ఫ్రీక్వెన్సీని, అంటే ఆ ఆన్ ఆఫ్‌ల వేగాన్ని, 8 నుంచి 4 కిలోహెర్ట్జ్‌కి దించితే అంకెల గెంతులు కొంత తగ్గాయి, మోటారు ఈల పెరిగింది. మిల్లు మోతలో అదెవరికి వినిపిస్తుంది లెండి. నాయిస్ తగ్గుతుందని కేబుల్‌కు తొడిగిన ఫెర్రైట్ రింగులకు పెట్టిన డబ్బు మాత్రం దండగ.

అసలు తేడా షీల్డెడ్ కేబుల్‌తోనే వచ్చింది, అదీ రెండోసారి బిగించాక. మొదట మా ఎలక్ట్రీషియన్ షీల్డును జడలా మెలిపెట్టి ఎర్త్ బోల్టుకు కట్టాడు. హై ఫ్రీక్వెన్సీ కరెంటుకు ఆ సన్నటి మెలికే అడ్డు. ప్యానెల్ ప్లేటు మీద పెయింటు గీకి, షీల్డు చుట్టూ పట్టేలా క్లాంపు వేసి, మోటారు వైపూ అలాగే చేయించాం. కాటా కేబుల్‌ను వేరే ట్రేలోకి మార్చాం. అప్పట్నుంచి అంకెలు కదలడం లేదు.

ఇంకో సంగతి. ఇలాంటి డ్రైవ్‌కి ముందు 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (ఎర్త్‌లోకి కరెంటు లీకైతే సప్లై ఆపేసే బ్రేకర్) ఉంటే, ఫిల్టర్ కెపాసిటర్ల లీకేజీకే ఊరికే ట్రిప్ అవుతుంది. అప్పుడు కొందరు ఫిల్టర్ ఎర్త్ స్క్రూ విప్పేస్తారు. ట్రిప్ ఆగొచ్చు గానీ, ఫిల్టర్ పని చేయడం కూడా అక్కడితో సరి.