ద్వారకానగర్‌లో కొన్న ఆఫ్రికా గోడపటం, దానితో ఇచ్చిన పుస్తకం: బుర్కినా ఫాసో మెతుకు పట్టి చూస్తే

విశాఖ ద్వారకానగర్‌లో పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాలు వరుసగా ఉండే వీధిలో, ఒక పుస్తకాల దుకాణంలో మూడు నెలల కిందట నేనొక ఆఫ్రికా రాజకీయ గోడపటం కొన్నాను. దానితో పాటు ఖండంలోని 54 దేశాలకూ పేజీకొకటి చొప్పున భౌగోళిక స్థితి, ప్రజలు, ప్రభుత్వం అనే మూడు శీర్షికలతో వివరాలు కూర్చిన తెలుగు పుస్తకాన్ని ఉచితమంటూ చేతిలో పెట్టారు గాని, నేనిచ్చిన 850 రూపాయల్లో దాని వెల కలిసే ఉంటుందని వేరే చెప్పనక్కరలేదు. ముప్పై ఏళ్లకు పైగా ఉన్నత పాఠశాలల్లో సాంఘిక శాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి గనుక, ఈ పటాన్ని మా ఎం.వి.పి. కాలనీ పిల్లలు గ్రూప్స్‌కు చదువుకునే గదిలో తగిలించాలని తెచ్చాను. ప్రచురణకర్త పేరు ఇక్కడ రాయడం లేదు. నేను చూపబోయే లోపాలు ఈ తరహా సరుకులో చాలా చోట్ల కనిపించేవే.

యాభై నాలుగు పేజీలూ సరిచూడడం ఒకరి వల్ల అయ్యే పని కాదు. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తారు గనుక నేను బుర్కినా ఫాసో పేజీని ఎంచుకున్నాను. పశ్చిమాఫ్రికాలో సముద్రతీరం లేని ఆ దేశం స్వాతంత్ర్యం వచ్చాక తన పేరునూ, నదుల పేర్లనూ మార్చుకుంది. ప్రభుత్వాలు అక్కడ తరచుగా, అదీ ఎక్కువగా సైన్యం చేతుల మీదుగా మారాయి. ఈ మధ్యనే పాలనా విభాగాల సంఖ్య కూడా మారింది. కూర్చినవారు ఎక్కడ శ్రద్ధ పెట్టారో, ఎక్కడ పాత ప్రతిని ఎత్తి రాసేశారో ఇలాంటి దేశం దగ్గరే బయటపడుతుంది.

ముందు పటం సంగతి. సెంటీమీటరుకు 80 కిలోమీటర్ల ప్రమాణంలో, సుమారు నాలుగడుగుల ఎత్తున అచ్చయిన ఈ పటం పై పూత మెరుపు లేనిది కావడం వల్ల, ట్యూబులైటు ఎటు ఉన్నా అక్షరాలు కళ్లకు అడ్డం పడకుండా చదువుకోవచ్చు. రంగులు ఒకదానిలోకి ఒకటి పాకలేదు. పైనా కిందా బిగించిన ఇనుప కడ్డీలకు మాత్రం మూడో నెలకే తుప్పు పట్టింది. ఉప్పుగాలికి కిటికీ చువ్వలే నిలవని ఊరు మనది కాబట్టి, ఇక్కడ కొనేవారు చెక్క కడ్డీల రకం ఉందేమో అడిగి తీసుకోవడం మంచిది.

బుర్కినా ఫాసో హద్దులను పటంలో తప్పు పట్టడానికి వీలు లేదు. ఉత్తర పశ్చిమాల్లో మాలి, తూర్పు ఈశాన్యాల్లో నైజర్, ఆగ్నేయంలో బెనిన్, దక్షిణాన టోగో, ఘానా, నైరుతిలో కోట్ దివ్వార్ అనే ఆరు దేశాలూ తమ తమ స్థానాల్లో ఉన్నాయి. మాలితో ఈ దేశానికి 1974లోనూ 1985లోనూ సాయుధ ఘర్షణలు తెచ్చిపెట్టిన అగాషేర్ పట్టీ అనే చిన్న ఎడారి ముక్కను, 1986 డిసెంబరులో అంతర్జాతీయ న్యాయస్థానం పంచి ఇచ్చిన రేఖ ప్రకారమే గీశారు. వివాదం నడిచిన సరిహద్దును ఇంత శ్రద్ధగా గీసినవారి మీద గౌరవం కలిగింది.

పుస్తకంలోని భౌగోళిక భాగం చదువుతుంటే ఆ గౌరవం కొంత తగ్గింది. దేశ వైశాల్యం సుమారు 2,74,200 చదరపు కిలోమీటర్లని సరిగానే ఇచ్చి, పోలికకు 'బ్రిటన్ కంటె కొంచెం పెద్దది' అని రాశారు. తెలుగు పాఠకుడికి బ్రిటన్ ఎందుకు? విభజనకు ముందు మన ఆంధ్రప్రదేశ్ వైశాల్యం 2,75,045 చదరపు కిలోమీటర్లు. ఇచ్ఛాపురం నుంచి హిందూపురం దాకా, ఆదిలాబాదు నుంచి నెల్లూరు దాకా ఉన్న ఆ పాత రాష్ట్రమంత దేశం అది అంటే, ఏ పిల్లవాడైనా జీవితంలో మరచిపోడు. జనాభా మాత్రం 2019 జనగణన ప్రకారం 2 కోట్ల 5 లక్షలు. 2011లో మన ఉమ్మడి రాష్ట్ర జనాభాలో అది నాలుగో వంతు కంటె కాస్త తక్కువ.

నేల చాలా వరకు 200 నుంచి 300 మీటర్ల ఎత్తున పరచుకున్న పీఠభూమి. అత్యున్నత శిఖరమైన తేనా కూరూ 750 మీటర్లకు కొద్దిగా లోపే ఉంటుందని చెప్పి, దాన్ని 'మహా పర్వతం'గా వర్ణించారు; అరకు రైలులో అనంతగిరి కొండలను చూసినవారికి నవ్వు రాక మానదు. వానల సంగతి బాగా రాశారు. అక్కడా జూన్ నుంచి సెప్టెంబరు దాకానే వర్షాకాలం, తేమ మోసుకొచ్చే గాలి అక్కడా నైరుతి నుంచే వస్తుంది. తేడా ఈశాన్యపు గాలిలో ఉంది. మనకు అది కోస్తా మీద వానలు కురిపిస్తే, సహారా మీదుగా వచ్చే వారి హర్మటాన్ దుమ్ము తప్ప మరేమీ తేదు. దక్షిణం నుంచి ఉత్తరానికి పోయేకొద్దీ వాన తగ్గి, సవన్నా గడ్డిమైదానం సహారా దక్షిణపు అంచైన సాహెల్ ముళ్లపొదలుగా మారే తీరును పటంలోని వర్ణచ్ఛాయల్లోనూ చూపారు.

నదుల దగ్గర పటానికీ పుస్తకానికీ పొత్తు కుదరలేదు. పటంలో ముహూన్, నాకంబే, నజినోన్ అని ఉంటే, పుస్తకంలో వాటినే నల్ల వోల్టా, తెల్ల వోల్టా, ఎర్ర వోల్టా అని రాశారు. రెండూ ఒకటేనని ఎక్కడా చెప్పకపోవడంతో, మా గదిలో చదువుకునే ఒక అమ్మాయి ఆ దేశంలో ఆరు పెద్ద నదులున్నాయని తన నోటుపుస్తకంలో రాసుకుంది. ఫ్రెంచివారు పెట్టిన అప్పర్ వోల్టా అనే పేరు ఆ మూడు పాయల వల్ల వచ్చిందే. అప్పటి దేశాధినేత కెప్టెన్ థామస్ సంకారా 1984 ఆగస్టు 4న దేశం పేరును మార్చాడు; ఆ తరవాత నదుల పేర్లూ మారాయి. మోరే భాషలో 'బుర్కినా' అంటే నిజాయితీ కలవారు, జులా భాషలో 'ఫాసో' అంటే తండ్రుల నేల. ఆ దేశస్థులను పిలిచే 'బుర్కినాబే' అనే మాట చివరి 'బే' ఫులానీల భాష ఫుల్ఫుల్డే నుంచి తీసుకున్న ప్రత్యయం. ఒక్క పేరులో మూడు భాషలకు చోటిచ్చిన ఈ ముచ్చటకు పుస్తకంలో దక్కింది అర వాక్యం.

విశాఖ నుంచి చూసేవారికి నిజంగా ఆసక్తి కలిగించేది సముద్రానికి వారి దూరం. స్కేలు పెట్టి కొలిస్తే దేశపు దక్షిణ కొస నుంచి గినీ సింధుశాఖ తీరానికి ఆరు సెంటీమీటర్లు, అంటే 480 కిలోమీటర్లకు అటూ ఇటూ. రాజధాని వాగదూగూ నుంచి ఘానాలోని తేమా రేవుకు నేరుగా తొమ్మిదిన్నర సెంటీమీటర్లు, అంటే 760 కిలోమీటర్ల దరిదాపు. కోట్ దివ్వార్‌లోని అబిజాన్ నుంచి వచ్చే రైలుమార్గం 1934లో బోబో-జులాసోకు, 1954లో రాజధానికి చేరింది. అబిజాన్, తేమా, లోమే, కోటొనూ రేవులే నేటికీ వారి ఎగుమతి దిగుమతులకు గుమ్మాలు. బైలాడీలా ఇనుప ఖనిజం కిరండూల్ మార్గంలో మన రేవుకు దిగడమూ, తీరం లేని నేపాల్ సరుకు కొంత ఇక్కడి నుంచే తరలడమూ చూస్తున్న మన పిల్లలకు, పొరుగువాడి గుమ్మం గుండా బతకడమంటే ఏమిటో రెండు మాటల్లో అర్థమవుతుంది. పటంలో ఈ రైలుమార్గాన్ని చక్కగా గీశారు. పుస్తకంలో 'రవాణా సౌకర్యాలు తక్కువ' అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టారు.

ప్రజల మీద రాసిన భాగం ఈ పుస్తకానికే తలమానికం. దాన్ని ఎవరు రాశారో గాని వారి చేతే మొత్తం రాయించి ఉండవలసింది. జనాభాలో సగం దాకా ఉన్న మోస్సిలు, వారితో పాటు గుర్మాంచే, ఫులానీ, బోబో, లోబి, బిస్సా, గురున్సి, సెనుఫో తదితర తెగలు ఎక్కడెక్కడ ఉంటాయో, 60కి పైగా భాషలున్న ఆ దేశంలో సంత భాషగా జులా ఎలా నిలబడిందో తేట తెలుగులో వివరించారు. 2019 జనగణన అంకెల ప్రకారం ముస్లింలు 63.8 శాతం, కాథలిక్కులు 20.1 శాతం, పూర్వాచార మతస్థులు 9 శాతం, ప్రొటెస్టెంట్లు 6.2 శాతం. అయితే ఒకే ఇంటిలో రెండు మతాలవారు పండగలు కలిసి చేసుకోవడం అక్కడ మామూలేనని కూడా రాయడం వల్ల అంకెలకు ప్రాణం వచ్చింది.

అన్నిటికంటె నాకు నచ్చింది తెగల మధ్య వేళాకోళపు చుట్టరికాన్ని వివరించిన పేరా. మోస్సి, సామో తెగలవారు ఎదురైతే, ముక్కూ మొహం తెలియనివారైనా, ఒకరినొకరు నువ్వు నా బానిసవు, నువ్వు తిండిపోతువు అంటూ ఆటపట్టించుకోవచ్చు, అవతలివాడు కోపగించుకోకూడదు. బోబోలకూ ఫులానీలకూ మధ్య కూడా ఇదే వరస. తగాదా ముదరబోయే చోట ఈ హాస్యంతోనే దాన్ని చల్లార్చడం ఆనవాయితీ. దీన్ని మన బావామరదుల ఎకసెక్కాలతో పోల్చడం ఎంతో సహజంగా అమరింది. ఆహారం గురించి మాత్రం ఏమీ రాయకపోవడం వెలితి. జొన్న, సజ్జ పిండితో గట్టిగా వండి ఆకుకూర పులుసుతో తినే 'తో' అనే ముద్ద మన సంకటికి దగ్గరి చుట్టం, ఆ మాట తప్పక చెప్పవలసింది.

ఇక ప్రభుత్వం శీర్షిక కింద ఉన్నది చదివి పుస్తకం మూసేశాను. అధ్యక్షుడు రోక్ మార్క్ క్రిస్టియన్ కబోరే, ప్రాంతాలు 13, అధికార భాష ఫ్రెంచి, పశ్చిమాఫ్రికా దేశాల ఆర్థిక కూటమి ఎకోవాస్‌లో సభ్యత్వం అని అందులో ఉంది. నాలుగూ ఒకప్పుడు నిజాలే, నాలుగూ ఇప్పుడు తప్పులే. కబోరేను 2022 జనవరిలో లెఫ్టినెంట్ కర్నల్ దమీబా సారథ్యంలోని సైనికులు దించారు. అదే ఏడాది సెప్టెంబరు 30న దమీబాను తోసి కెప్టెన్ ఇబ్రహీం త్రావొరే అధికారం చేపట్టాడు. 2024 మే నెలలో జరిగిన జాతీయ సమావేశం అతని తాత్కాలిక పాలనను మరో ఐదేళ్లు పొడిగించింది. 2024 ఆరంభంలో రాజ్యాంగాన్ని సవరించి దేశీయ భాషలను అధికార భాషలు చేసి, ఫ్రెంచిని వ్యవహార భాష స్థాయికి దించారు. మాలి, నైజర్‌లతో 2023 సెప్టెంబరులో కట్టిన సాహెల్ దేశాల కూటమి 2024 జూలైలో సమాఖ్యగా మారగా, 2025 జనవరి 29న ఆ మూడూ ఎకోవాస్ నుంచి లాంఛనంగా వైదొలగాయి. 2025 జూలైలో ప్రాంతాల సంఖ్య 17కు, ప్రావిన్సుల సంఖ్య 45 నుంచి 47కు పెరిగింది. దిక్కులను బట్టి పెట్టిన ఫ్రెంచి పేర్లు పోయి, రాజధాని ఉన్న మధ్య ప్రాంతం కాజొగో అయింది, ఉత్తరపు సాహెల్ ప్రాంతం లిప్తాకో అయింది.

ఇవన్నీ ఈ మధ్యవే కదా, అచ్చు పాతదేమో అని సర్దిచెప్పవచ్చు. పుస్తకంలో ముద్రణ సంవత్సరమే లేదు, అట్ట మీద 'సరికొత్త ముద్రణ' అని మాత్రం ఉంది. స్వాజిలాండ్‌కు 2018లో వచ్చిన ఎస్వాతిని అనే పేరు పటంలో ఉంది. పుస్తకంలో కబోరే ఇంకా పదవిలో ఉన్నాడు. అంటే ఈ రచన 2018కీ 2022 జనవరికీ మధ్యదని లెక్క తేలుతుంది. సరిహద్దులు మారలేదు గనుక పటానికి దీనివల్ల నష్టం లేదు. పరీక్ష రాసే విద్యార్థికి పుస్తకం చేసే నష్టం వేరు.

పాతబడని చరిత్రలోనూ లోటు ఉంది. ఈ దేశాన్ని ఫ్రెంచివారు 1919లో ప్రత్యేక వలసగా ఏర్పరచి, 1932లో రద్దుచేసి పొరుగు వలసలకు పంచి, 1947లో మళ్లీ అతికించారన్నది అక్కడి రాజకీయాలకు మూలకందం. అది లేదు. 1960 ఆగస్టు 5న స్వాతంత్ర్యం వచ్చిందని చెప్పి, 1983లో సంకారా రాకకూ 1987 అక్టోబరు 15న అతని హత్యకూ ఒక వాక్యమిచ్చి, ఆ తరవాత 27 ఏళ్లు ఏలి 2014 అక్టోబరులో జనం వీధుల్లోకి రాగా దేశం విడిచిన బ్లేజ్ కొంపావొరేకు మరో వాక్యమిచ్చారు. రాజ్యాంగంలో ఏ అధికారమూ లేని మోస్సిల రాజు మోఘో నాబా ప్రస్తావనే లేదు. 2015 సెప్టెంబరులో అధ్యక్ష రక్షక దళం తిరగబడినప్పుడు, సైన్యానికీ ఆ దళానికీ కుదిరిన ఒప్పందం ఆయన ప్రాసాదంలోనే పూర్తయిందంటే అక్కడ పాలన ఎన్ని అంతస్తుల్లో నడుస్తుందో ఊహించుకోవచ్చు. సాయుధ ముఠాల దాడుల వల్ల ఇళ్లు విడిచినవారు 2023 మార్చి నాటి అధికారిక లెక్క ప్రకారమే 20 లక్షలు దాటారన్న విషయమూ లేదు.

పేర్ల లిప్యంతరీకరణ గురించి ఒక మాట. రాజధానిని 'ఔగడౌగౌ' అని అచ్చువేశారు. అది ఇంగ్లీషు అక్షరాలను కూడబలుక్కుని రాసిన మాట. అసలు ఉచ్చారణ వాగదూగూ, స్థానికులకు ముద్దుగా వాగా. వాగులో అడుగు పెట్టినట్టు గుర్తుంచుకోండని మా పిల్లలకు చెప్పాను. బోబో-జులాసో కూడా 'డయోలాస్సో' అయి కూర్చుంది.

దుకాణదారుకు ఇవన్నీ చూపించాను. ఆయన ఓపికగా విని, "మాస్టారూ, మీరన్నది నిజమేనండి, కానీ మాకు వచ్చిన కట్టలు ఇవే, పటం ఒక్కటే కావాలంటే 600కు ఇస్తాను" అన్నారు. నేను ముందే కొనేశాను గనుక డబ్బు తిరిగి అడగలేదు. ఐదు మార్కులకు పటానికి నాలుగు, పుస్తకానికి ప్రజల భాగాన్ని తలచుకుని రెండు వేస్తాను. కొనదలచినవారు పుస్తకం వద్దని చెప్పి ఆ 600 ధరనే అడగండి. ఇప్పటికే కొన్నవారు మా గదిలో చేసినట్టు తప్పున్న చోటల్లా చీటీ అతికించి, దాని మీద ఆ నాటి తేదీ వేసుకోవచ్చు. బుర్కినా ఫాసో పేజీకి ఆరు చీటీలు పట్టాయి. మాలి, నైజర్ పేజీల పని వచ్చే ఆదివారానికి పెట్టుకున్నాం.