టర్కీ ప్యాకేజీ రివ్యూ: సఫ్రాన్‌బోలుకి ఒక్క రాత్రి ఏం సరిపోద్ది

మొన్న మేలో నాన్నగారిని తీసుకుని టర్కీ వెళ్ళొచ్చానండి, బుక్ చేసింది ఇక్కడ వైజాగ్‌లోనే ఒక ఏజెంట్ దగ్గర, పేరు వద్దులెండి. ఇస్తాంబుల్ గురించి, బెలూన్ల గురించి అందరూ రాసేశారు కాబట్టి నేను సఫ్రాన్‌బోలు ముక్క ఒకటే రాస్తా. ఏజెంట్ కాగితంలో "పాత పల్లెటూరు" అని వేశాడు, కానీ అది పల్లె కాదు, కారాబుక్ అనే ప్రావిన్స్‌లో ఒక ఇల్చె, అంటే మన లెక్కలో జిల్లాకి చిన్నది మండలానికి పెద్దది అనుకోండి. 1994లో యునెస్కో లిస్టులోకి ఎక్కింది. సఫ్రాన్ అంటే కుంకుమపువ్వు, బోలు అంటే గ్రీకు మాటలోంచి వచ్చిన పట్నం, మన విశాఖ-పట్నం టైపే.

గైడ్ మాత్రం బంగారం. ఊరి పైన దిబ్బ మీద పాత ప్రభుత్వ ఆఫీసు ఉంది, 1976లో కాలిపోతే బాగుచేసి మ్యూజియం చేశారు, అక్కడ కూర్చోబెట్టి మొత్తం చెప్పాడు. ఇల్చెకి పెద్ద కయ్‌మకామ్, ఆయన్ని పైనుంచి వేస్తారు, మన ఆర్డీవో లాగ. మేయర్‌ని మాత్రం జనం ఎన్నుకుంటారు, పేటపేటకీ ముహ్తార్ అని ఇంకొకడు, వాడూ ఓట్లతోనే.

అసలు కథ ఇక్కడుంది. కారాబుక్ ఒకప్పుడు సఫ్రాన్‌బోలు కింద ఉండే కుగ్రామం, రైలు స్టేషన్ తప్ప ఏమీ లేదు. 1937లో అక్కడ స్టీల్ ప్లాంట్‌కి శంకుస్థాపన చేశారు, పక్కనున్న జోంగుల్దాక్ ప్రావిన్స్ బొగ్గు గనులకి దగ్గర, పైగా సముద్రానికి దూరం, శత్రువు ఓడలు గుండ్లు వేసినా అందదని. ఇంకేముంది, ఊరు పెరిగిపోయి 1953లో సొంతంగా ఇల్చె అయింది, 1995లో ఏకంగా ప్రావిన్స్ అయి కూర్చుంది, అప్పటిదాకా జోంగుల్దాక్ కింద ఉన్న సఫ్రాన్‌బోలుని తెచ్చి దాని కింద పెట్టారు. ఒకప్పుడు తన కింద ఉన్న పల్లె ఇప్పుడు పైఆఫీసన్నమాట! 2022లో మనకి జిల్లాలు విడగొట్టినప్పుడు అనకాపల్లి మావయ్య ఎంత గింజుకున్నాడో అప్పుడు గుర్తొచ్చింది, ఆయన ఇప్పటికీ అడ్రసులో విశాఖపట్నం జిల్లా అనే రాస్తాడు.

నాన్నగారు మన వైజాగ్ స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు, ఉక్కునగరం మనిషి, అప్పటిదాకా బెంచీ మీద కునుకు తీస్తున్నారు. 1995లోనే ఆ ప్లాంట్‌ని కార్మికులకీ, ఊళ్ళో వ్యాపారులకీ పేరుకి ఒక్క లిరా, అంటే వాళ్ళ రూపాయి, తీసుకుని ఇచ్చేశారని గైడ్ అనగానే కళ్ళు తెరిచి "ఏటీ? ఒక్క లిరాయా? కార్మికులకేనా?" అని రెండుసార్లు అడిగారు. ఇంక గంటసేపు గైడ్‌ని వదల్లేదు, నేను తర్జుమా చేస్తూ చచ్చాను. మిగతా గ్రూప్ వాళ్ళు పాపం ఎండలో నిలబడ్డారు.

బస పాత కొనాక్‌లో, అంటే పాతకాలం పెద్దింట్లో, కింద రాయి, పైన చెక్క, మేడ వీధి మీదకి పొడుచుకొచ్చి ఉంటాది. బాత్రూం ఎక్కడా అని వెతికితే బట్టల అల్మరా లోపల! పాతకాలంలోనూ అంతేనట. ఇంకో గోడలో తిరిగే అల్మరా ఉంది, ఆడవాళ్ళు ఇటు గిన్నె పెట్టి తిప్పితే అటు మగవాళ్ళ గదిలోకి వెళ్ళిపోతాది, ఒకరికొకరు కనబడరు.

తిండి పర్వాలేదు, ఐరాన్ అంటే మన ఉప్పు మజ్జిగే కాబట్టి నాన్నగారు బతికారు. ఏజెంట్ మీదే కోపం, అంకారా నుంచి మూడు గంటలు బస్సులో కుదిపి తీసుకొచ్చి పొద్దున్నే తొమ్మిదికి సామాను సర్దమన్నాడు, చెప్పులు కుట్టేవాళ్ళ పాత బజారు తలుపులు తీసే టైముకి మేం బస్సులో ఉన్నాం. గైడ్‌కి ఐదుకి ఐదు, ఏజెంట్‌కి రెండున్నర. మీరు వెళ్తే రెండు రాత్రులు అడిగి రాయించుకోండి, ఆ అల్మరా బాత్రూంలో గుమ్మం బాగా కిందకుంటాది, తల జాగర్త.