బరంపురంలో ప్లేజియరిజం తగ్గిస్తామనేవాళ్ల చేతికి థీసిస్ ఇవ్వకండి

యూనివర్సిటీ వైపు బైండింగులు చేసే ఆ షాపు సంగతే. పేరు రాయను, ఇక్కడ పీహెచ్‌డీ చేసేవాళ్లకి ఎలాగూ తెలుసు. థీసిస్‌లో వేరేవాళ్ల రాతలతో కలిసే భాగం "పది శాతం లోపుకి దించుతాం, గ్యారంటీ" అని ఆరు వేలు ముందే ఫోన్‌పే చేయించుకున్నాడు.

నాది గజపతి జిల్లా సవర గిరిజనుల భాష మీద థీసిస్. పర్లాకిమిడిలో కూర్చుని గిడుగు రామమూర్తి పంతులుగారు చేసిన పని, 1931లో అచ్చయిన ఆయన సవర పుస్తకం ఎత్తుకోకుండా ఒక్క అధ్యాయమూ నడవదు. ఎత్తుకున్న ప్రతిచోటా కోట్స్ పెట్టాను, పేజీ నంబరు వేశాను. అయినా సాఫ్ట్‌వేర్ తీసిన రిపోర్టులో 27 శాతం చూపించింది. సబ్మిషన్ దగ్గర పడింది, టెన్షన్.

తిరిగొచ్చిన ఫైలులో 8 శాతమే. ఆహా అనుకుని నాలుగో అధ్యాయం తెరిచాను. కోట్స్ ఒక్కటీ లేవు. పంతులుగారి వాక్యాల్లో మాటలు అటూ ఇటూ మార్చి, ఆయన పేరు, ఏడాది, పేజీ నంబరు పీకేశాడు. పైగా ముందు "నా క్షేత్ర పరిశీలనలో తేలిందేమంటే" అని తగిలించాడు! ఆ మహానుభావుడు సవర పల్లెల్లో తిరిగి పోగుచేసింది నా ఖాతాలో పడింది.

ఫోన్ చేసి అడిగితే, "మేడమ్, మీకు శాతం కావాలా, పేర్లు కావాలా? మీ గైడ్ మాత్రం చదువుతారా ఏంటి?" అని పెట్టేశాడు.

దొంగతనమే లేని థీసిస్‌లో డబ్బిచ్చి మరీ దొంగతనం పెట్టించుకున్నాను. ఏం తెలివి!

లైబ్రరీలో అడిగితే అసలు విషయం తెలిసింది. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం మూలం చెప్పి ఎత్తిన మాటలు, రిఫరెన్సుల జాబితా, ముందుమాట లెక్కలోకి రావు. మొదటి రిపోర్టు వాటిని వదిలేసే ఫిల్టర్లు పెట్టకుండా తీసింది. పెట్టి తీస్తే నా పాత ఫైలే 9 శాతం. ఒకవేళ 10 దాటినా 40 లోపుంటే సరిచేసుకోడానికి ఆరు నెలల దాకా గడువిస్తారు. అదే చౌర్యం డిగ్రీ వచ్చాక బయటపడితే ఆ డిగ్రీనే కొంతకాలం పక్కన పెడతారు. సాఫ్ట్‌వేర్ కళ్లు కప్పొచ్చు, వైవాలో ప్రశ్నలడగడానికి వచ్చే ఆయన పంతులుగారి పుస్తకం చదివినవాడైతే?

ఇప్పటికే ఇచ్చినవాళ్లుంటే పాత ఫైలు, కొత్త ఫైలు వర్డ్‌లో పెట్టి కంపేర్ కొట్టండి, ముందు కోట్స్ చూసుకోండి. నా అధ్యాయాలు ఇంకా వాడి కంప్యూటర్‌లోనే ఉన్నాయి. డిలీట్ చెయ్యమని మెసేజ్ పెడితే నవ్వే బొమ్మ ఒకటి పంపించాడు.